మానసిక ఆఘాతం, దాని మాన్పు: అండమాన్ తెలుగువారి నేపథ్యంలో

ప్రాణానికో, ఒంటికో, మానానికో ముప్పు తెచ్చిన సంఘటన బయట ముగిసిపోయినా మనిషి లోపల ముగియకుండా ఉండిపోతే దాన్ని మానసిక ఆఘాతం అంటారు. వాడుకలో షాక్ అనీ ట్రామా అనీ వినిపిస్తుంది. శిక్షణ పొందిన మనిషి తోడుగా ఉండి, మాటతోనూ కొన్ని అభ్యాసాలతోనూ దాన్ని నయం చేసే పద్ధతులన్నిటికీ కలిపి థెరపీ అని పేరు. తెలుగులో గాయానికి రెండు క్రియలున్నాయి: మానడం, మాన్పడం. చాలా గాయాలు వాటంతట అవే మానుతాయి. కొన్నింటిని ఎవరో ఒకరు మాన్పాలి. ఏది ఏ రకమో పోల్చుకోవడంలోనే ఈ వైద్యంలో సగం నేర్పు ఉంది.

అండమాన్ నికోబార్ రాజధాని శ్రీవిజయపురం. 2024 సెప్టెంబరు వరకు దాని పేరు పోర్ట్ బ్లెయిర్. ఊళ్ళో జనం నోట ఇప్పటికీ అదే పేరు. డిగ్నాబాద్ ఆ నగరంలో ఒక పేట. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు నూటికి 13 మందికి పైగా, అంటే దాదాపు యాభై వేల మంది. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత స్థానం తెలుగుదే. ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ తీరాల నుంచి ఓడెక్కి వచ్చినవారు, వారి పిల్లలు, మనవలు. చేపల వేట, రేవు కూలి, చిన్న వ్యాపారం, సర్కారు కొలువు వీరి బతుకుతెరువులు. 2004 సునామీ తర్వాత విపత్తు బాధితుల మనసుకు వైద్యం పెద్ద ఎత్తున అందించి, ఫలితాలను రాసిపెట్టిన చోట్లలో ఈ దీవులు ముఖ్యమైనవి. అందుకే ఈ విషయాన్ని ఇక్కడి నుంచి చూడడం సబబు.

జబ్బుకు పేరు రావడం

1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడి సుమారు పదివేల మందిని పొట్టన పెట్టుకుంది. బతికినవారికి బియ్యం, బట్టలు, ఇళ్ళు అందాయి. రాత్రి గాలి వీస్తే లేచి కూర్చునేవారికి ఏమైందో చెప్పే పేరు మాత్రం అప్పటికి వైద్యగ్రంథాల్లో లేదు. పి.టి.ఎస్.డి., అంటే ఆఘాతం తర్వాత మిగిలిపోయే ఒత్తిడి జబ్బు, అనే మాట అమెరికన్ మనోవైద్య సంఘం జబ్బుల పట్టికలోకి ఎక్కింది ఆ తర్వాత మూడేళ్ళకు, 1980లో. వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల పోరాటం, అత్యాచార బాధితుల పక్షాన నిలిచిన స్త్రీల ఉద్యమం కలిసి ఆ పేరును తెచ్చాయి. జబ్బు మాత్రం కొత్తది కాదు. రైలు ప్రమాదాల్లో దెబ్బ లేకుండా బయటపడి కూడా వణికిపోయేవారి గురించి పంతొమ్మిదో శతాబ్దపు వైద్యులు వాదించుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధపు కందకాల నుంచి వచ్చిన సైనికుల వణుకును చార్లెస్ మయర్స్ 1915లో షెల్ షాక్ పేరుతో వైద్యపత్రికకెక్కించాడు.

లక్షణాలు నాలుగు దారుల్లో కనిపిస్తాయి. జరిగింది మళ్ళీ ఇప్పుడే జరుగుతున్నట్టు కళ్ళ ముందుకు రావడం, పీడకలలు ఒక దారి. దాన్ని గుర్తు చేసే చోటును, మనిషిని, మాటను తప్పించుకు తిరగడం ఇంకో దారి. ఎప్పుడూ చెవులు రిక్కించుకుని ఉండడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడడం, నిద్ర పట్టకపోవడం మూడోది. మనసు మొద్దుబారడం, తప్పంతా తనదేనన్న నమ్మకం నాలుగోది. ఇవి నెల దాటి కొనసాగి, పనికీ కాపురానికీ అడ్డం పడితేనే జబ్బు అంటారు. నెలలోపు ఇవన్నీ ఉండడం సహజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదకొండో జబ్బుల వర్గీకరణ 2022 నుంచి అమల్లోకి వచ్చింది. ఏళ్ళ తరబడి సాగిన హింస వల్ల వచ్చే సంక్లిష్ట రూపాన్ని, అంటే చిన్ననాటి లైంగిక దాడులు, ఇంట్లో చిత్రహింస, నిర్బంధం వంటివాటి ఫలితాన్ని, అది విడిగా గుర్తించింది.

వైద్యుల దగ్గరికొచ్చే మనవారు ఈ లక్షణాలను ఈ మాటల్లో చెప్పరు. గుండె దడ, ఒళ్ళంతా మంట, తల దిమ్ము, కడుపులో తిప్పడం, అరికాళ్ళ సెగ అంటారు. ఉత్తరాంధ్ర వాడుకలో మరో మంచి మాట ఉంది: జడుపు. పిల్లవాడు దేన్నో చూసి జడుసుకున్నాడు, జడుపు జ్వరం వచ్చింది అంటారు. భయం ఒంట్లోకి దిగి జబ్బవుతుందని ఏ పుస్తకమూ చదవకుండానే చెప్పే మాట అది. డాక్టరు మొదటి పది నిమిషాలు పి.టి.ఎస్.డి. అనకుండా జడుపు అంటే వచ్చినవాళ్ళు ఎక్కువ చెబుతారని నా అభిప్రాయం.

ద్వీపాంతరం

తెలుగు నోట అండమాన్ అనే మాట మొదట శిక్ష పేరుగా పుట్టింది. ద్వీపాంతరవాసం అంటే మనిషిని అతని ఊరి నుంచి, భాష నుంచి, చావుపుట్టుకల నుంచి తెంచెయ్యడం. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలు ఏడు రెక్కలతో, ఒక్కో మనిషికి ఒక్కో గదిగా, ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా కట్టిన కట్టడం. గదులు సుమారు ఏడువందలు. ఒంటరితనమే అక్కడ కొరడా. నూనె గానుగ, కొబ్బరి పీచు పని దాని మీద అదనం. బెంగాల్ విప్లవకారుడు ఇందుభూషణ్ రాయ్ 1912లో ఆ గదిలోనే ప్రాణం తీసుకున్నాడు. ఉల్లాస్‌కర్ దత్ మతి చలించి, హేడోలోని పిచ్చాసుపత్రికీ తర్వాత మద్రాసుకూ చేరాడు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర ఈ శిక్ష అనుభవించి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. ఒకే గోడల మధ్య నుంచి ఒకరు ఛిద్రమై, మరొకరు నిలబడి రావడానికి కారణం ధైర్యంలో తేడా అనుకోవడం తేలిక. ఏ దెబ్బ ఎన్నాళ్ళు తగిలింది, పక్కన ఎవరున్నారు, తిరిగి వెళ్ళడానికి ఊరు మిగిలిందా అన్న ప్రశ్నలు ధైర్యం కన్నా ఎక్కువ తేలుస్తాయని ఆఘాతం మీద జరిగిన పరిశోధన చెబుతోంది. దెబ్బ తర్వాత దొరికిన తోడు కూడా దెబ్బ తీవ్రత అంతగా లెక్కలోకి వస్తుంది.

2004 డిసెంబరు 26

ఆ ఆదివారం ఉదయం 6:29కి సుమత్రా తీరం దగ్గర 9.1 తీవ్రతతో భూమి చీలింది. ఆ చీలిక ఉత్తరాన అండమాన్ దాకా పాకింది. నికోబార్ దీవులను కెరటాలు ముంచేశాయి. కార్ నికోబార్ వైమానిక స్థావరం కొట్టుకుపోయింది. గ్రేట్ నికోబార్ కొసన ఇందిరా పాయింట్ వద్ద నేల నాలుగు మీటర్లకు పైగా కుంగి, దీపస్తంభం అడుగు నీటిలోకి వెళ్ళింది. దక్షిణ అండమాన్ దాదాపు ఒక మీటరు దిగబడడంతో సిప్పీఘాట్ వైపు పొలాల్లోకి ఉప్పునీరు వచ్చి ఉండిపోయింది. దీవులన్నిటిలో చనిపోయినవారు, ఆచూకీ దొరకనివారు కలిసి అధికారిక లెక్కన 3,500 మందికి పైగా. గ్రేట్ నికోబార్‌లో 1969 నుంచి స్థిరపడిన మాజీ సైనికుల కుటుంబాల ఊళ్ళు సముద్రం పాలయ్యాయి. పంజాబ్, మహారాష్ట్ర, కేరళ వారితో పాటు ఆ కుటుంబాల్లో ఆంధ్ర నుంచి వచ్చినవారూ ఉన్నారు.

నికోబార్ నుంచి ఓడల్లో, విమానాల్లో తెచ్చిన జనంతో పోర్ట్ బ్లెయిర్ సహాయ శిబిరాలు నిండాయి. ఆ తర్వాత రేకుల తాత్కాలిక ఇళ్ళు వచ్చాయి. నికోబారీల తుహెట్, అంటే ఒకే ఆస్తి ఒకే పొయ్యి కింద నడిచే పెద్ద ఉమ్మడి కుటుంబం, ఆ రేకుల గదుల వరసల్లో ఇమడలేదు. పరిహారం చెక్కు మాత్రం కుటుంబానికొకటి చొప్పున చిన్న కుటుంబం లెక్కన వచ్చింది. ఆఘాతం మీద ఆఘాతం అంటే ఇదే. మొదటిది సముద్రం చేసింది, రెండోది సదుద్దేశంతో చేసిన సాయం.

భూమి కూడా ఊరుకోలేదు. ప్రకంపనలు నెలల తరబడి సాగాయి. 2005 మార్చి 28న సుమత్రా దగ్గరి నియాస్ దీవి వద్ద 8.6, అదే ఏడు జులై 24న నికోబార్ దగ్గర 7కు పైగా తీవ్రతతో మళ్ళీ కంపించింది. 2009 ఆగస్టులో అర్ధరాత్రి దాటాక ఉత్తర అండమాన్ వైపు వచ్చిన 7.5 భూకంపానికి పోర్ట్ బ్లెయిర్ జనం చాలామంది ఇళ్ళు వదిలి బయటికి పరుగెత్తారు. 2012 ఏప్రిల్ 11న మరోసారి సునామీ హెచ్చరిక మోగింది. ముప్పు గడిచిపోయింది, ఇప్పుడు క్షేమంగా ఉన్నావు అని ఒప్పించడమే థెరపీలో మొదటి మెట్టు. నేల ఆ మాటను అబద్ధం చేస్తున్న చోట ఆ మెట్టు ఎక్కించడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

శిబిరాల్లో ఏం చేశారు

బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ బృందాలు రోజుల్లోనే దీవులకు వచ్చాయి. ఆ సంస్థకు ఈ పనిలో అనుభవం 1984 భోపాల్ విషవాయువు, 1999 ఒడిశా పెనుతుఫాను, 2001 భుజ్ భూకంపం మీదుగా వచ్చింది. భోపాల్‌లో పనిచేసిన డాక్టర్ ఆర్. శ్రీనివాసమూర్తి వంటివారు వేసిన దారి అది: మనోవైద్యులు గుప్పెడుమంది, బాధితులు వేలమంది కాబట్టి టీచరుకు, అంగన్‌వాడీ కార్యకర్తకు, ఆరోగ్య సిబ్బందికి, ఊరి యువకుడికి నేర్పాలి. నేర్పింది పెద్ద శాస్త్రమేమీ కాదు. చెప్పనివ్వడం, బాధను పంచుకోవడం, మనసు పెట్టి వినడం, చుట్టూ ఉన్నవారిని కలపడం, ఏదో ఒక పనిలో పెట్టడం, ఆటపాటలకు చోటివ్వడం, వారి దేవుడి దగ్గరికి వారిని వెళ్ళనివ్వడం. చదివితే ఇదేం వైద్యం అనిపిస్తుంది. మన ఊళ్ళలో చావింటికి వచ్చి కూర్చునే పెద్దమ్మలు చేసేదీ దాదాపు ఇదే. ఊరే చెదిరిపోయినప్పుడు ఆ పెద్దమ్మ కూడా శిబిరంలో బాధితురాలే. ఆ పనిని మళ్ళీ ఎవరికైనా నేర్పాల్సి రావడం అందుకే.

డాక్టర్ సురేశ్ బడా మఠ్, సహచరులు 2008లో ప్రచురించిన పరిశీలన తొలి మూడు నెలల చిత్రాన్ని ఇచ్చింది. ఇల్లూవాకిలీ వదిలి వేరే దీవికి చేరినవారిలో 5.2 శాతం మందికి మానసిక రుగ్మత కనబడింది. తమ చోటనే ఉండిపోయినవారిలో 2.8 శాతం. మొత్తం మీద 3.7. అంత పెద్ద విపత్తు తర్వాత ఇంత తక్కువా అని ఆశ్చర్యం కలుగుతుంది. కొంత కారణం లెక్కించిన పద్ధతిలో, ఇంకొంత జనం తమ బాధను జబ్బుగా చెప్పుకోకపోవడంలో ఉండొచ్చు. అయినా రెండు అంకెల మధ్య తేడాను తోసిపుచ్చలేం. నష్టం ఇద్దరికీ జరిగింది. చోటు, చుట్టాలు మిగిలినవారు మెరుగ్గా తట్టుకున్నారు. గాలి, ఇసుక, చెట్టు, పక్కింటి ముఖం కూడా మందేనన్న మాట. కుంగుబాటు, పి.టి.ఎస్.డి. మాత్రం ఇరువర్గాల్లోనూ సమానంగానే ఉన్నాయని అదే పరిశీలన చెప్పింది.

పిల్లల మీద విడిగా వచ్చిన నివేదికలో వైద్యానికి తెచ్చిన 37 మంది ఉన్నారు. 13 మందిది మారిన పరిస్థితికి సర్దుకోలేని ఇబ్బంది. ఎనిమిది మందిది కుంగుబాటు. సునామీ అంటే అందరూ పి.టి.ఎస్.డి. కోసమే వెతుకుతారు గానీ అది నలుగురిలోనే తేలింది. పిల్లలతో బొమ్మలు గీయించడం, కథలు చెప్పించడం, నాటకం ఆడించడం, ఆటలు ఆడించడం అక్కడి పద్ధతి. బడిని వీలైనంత త్వరగా తెరిపించడం వీటన్నిటికన్నా బలమైనదని పనిచేసినవారి అనుభవం. ఉదయం గంట మోగడం, వరసలో నిలబడడం, మధ్యాహ్నం అన్నం. రేపు ఏం జరుగుతుందో తెలిసిన రోజు మొదలవుతుంది.

థెరపీ లోపల ఏం జరుగుతుంది

పైన చెప్పిందంతా గాయం మానడానికి తోడ్పాటు. కొందరికి అది చాలదు. ఏడాది తిరిగినా కెరటం చప్పుడు చెవిలో ఆగనివారికి మాన్పే పద్ధతులు వేరే ఉన్నాయి.

అమెరికన్ మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో వెలువరించిన గ్రంథంలో చెప్పిన మూడు మెట్ల క్రమాన్ని ఇప్పటికీ ఎక్కువమంది పాటిస్తారు. ముందు క్షేమం, తర్వాత జ్ఞాపకాన్ని తలుచుకుని దుఃఖించడం, ఆ తర్వాత మళ్ళీ నలుగురిలో కలవడం. క్షేమం అంటే తాళం ఉన్న తలుపు, నిద్ర, కొట్టేవాడు లేని ఇల్లు. భర్త రోజూ కొడుతున్న ఆమెను కూర్చోబెట్టి చిన్ననాటి గాయం గురించి అడగడం వైద్యం కాదు, నిర్లక్ష్యం.

రెండో మెట్టు మీద పద్ధతులు చీలతాయి. ఎడ్నా ఫోవా రూపొందించిన పద్ధతిలో మనిషి కళ్ళు మూసుకుని జరిగినదాన్ని వర్తమానకాలంలో, వివరంగా, మళ్ళీ మళ్ళీ చెబుతాడు. దాన్ని రికార్డు చేసి ఇంట్లో వింటాడు. వినగా వినగా ఆ జ్ఞాపకం బాధాకరమైన జ్ఞాపకంగానే మిగులుతుంది, ముప్పుగా ఉండడం మానేస్తుంది. దానితో పాటే తప్పించుకు తిరుగుతున్న చోట్లకు మెట్టుమెట్టుగా వెళ్ళాలి. జంగ్లీఘాట్ రేవులో వేటకు వెళ్ళే జాలరి సముద్రానికి భయపడ్డాడని అనుకుందాం. అతన్ని మొదటిరోజే పడవెక్కించరు. మొదటివారం ఇంటి మేడ మీద నుంచి నీళ్ళు చూడడం. తర్వాత రేవు రోడ్డు మీద నడక. తర్వాత జెట్టీ అంచున అరగంట కూర్చుని, గుండె దడ పెరిగి, శిఖరానికి చేరి, దానంతటదే తగ్గేవరకూ లేవకుండా ఉండడం. ఆ తగ్గుదలే పాఠం. దడ ఎక్కువగా ఉన్నప్పుడు లేచిపోతే భయం గెలిచినట్టు, మరుసటిసారి ఇంకా బలపడినట్టు. ఆపైన కట్టేసి ఉన్న పడవ, ఒడ్డు కనబడేంత దూరం, చివరికి వల. ఇంత ఓపిగ్గా చేయాల్సిన పనిని మనవాళ్ళు తరచూ "మగాడివి, భయమేంటిరా" అనే ఒక్క మాటతో కానిచ్చేయబోతారు.

ప్యాట్రీషియా రెసిక్ పద్ధతి మరోలా సాగుతుంది. సాధారణంగా పన్నెండు సిట్టింగులు. అది మొదట అత్యాచార బాధితుల కోసం పుట్టింది. సంఘటన కన్నా సంఘటన గురించి మనిషి చెప్పుకున్న తీర్పు మీద ఇక్కడ పని జరుగుతుంది. చెయ్యి వదిలేశాను కాబట్టి పిల్ల కొట్టుకుపోయింది అన్న వాక్యాన్ని తీసుకోండి. ఆ నీటి వేగం ఎంత, చేతిలో ఇంకెవరున్నారు, వదిలావా లాక్కుపోయిందా అని రోగే తన తీర్పును పరీక్షించుకునేలా థెరపిస్టు అడుగుతూ పోతాడు. ఓదార్పుగా నీ తప్పేం లేదులే అంటే ఎవరూ నమ్మరు. తానే తేల్చుకుంటే నమ్ముతారు.

ఇ.ఎం.డి.ఆర్. పద్ధతిని ఫ్రాన్సిన్ షపీరో 1989లో ప్రకటించింది. బాధపెట్టే దృశ్యాన్ని మనసులో ఉంచుకుని, థెరపిస్టు అటూ ఇటూ కదిపే వేళ్ళను కళ్ళతో వెంబడించాలి. వినడానికి గారడీలా ఉంటుంది. ఫలితం మాత్రం ఉంది. ఆ ఫలితానికి కళ్ళ కదలికే కారణమా, జ్ఞాపకాన్ని ఎదుర్కోవడం కారణమా అన్న వాదు ఇంకా తెగలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో ఆఘాతం మీద దృష్టి పెట్టి ఆలోచనలనూ ప్రవర్తననూ మార్చే చికిత్స (సి.బి.టి.)ని, ఈ పద్ధతిని రెండిటినీ సిఫారసు చేసింది.

విపత్తులకూ యుద్ధాలకూ ఎక్కువగా నప్పేది మరొకటుంది: కథనం ద్వారా ఎదుర్కోవడం. జర్మనీలోని కాన్‌స్టంజ్ విశ్వవిద్యాలయంతో ముడిపడిన షావర్, నాయ్‌నర్, ఎల్బర్ట్ దీన్ని రూపొందించారు. నేల మీద ఒక తాడు పరుస్తారు. అది ఆ మనిషి జీవితం, పుట్టుక నుంచి నేటిదాకా. మంచి రోజులున్న చోట పువ్వు పెట్టాలి, చెడు జరిగిన చోట రాయి. తాడు కొసన చుట్ట విప్పకుండా ఉంచుతారు, అది ఇంకా బతకాల్సింది. తర్వాతి సిట్టింగుల్లో తాడు వెంబడి నడుస్తూ ఒక్కో రాయి దగ్గరా ఆగి, ఏ ఊరు, ఏ నెల, ఏం వాసన, ఏం అన్నావు అని నెమ్మదిగా చెప్పించి, థెరపిస్టు రాసి, చివర్లో చదివి వినిపించి, ఆ కాగితం చేతికిస్తాడు. ఆఘాత జ్ఞాపకానికి తేదీ, చోటు ఉండవు, అందుకే అది ఎప్పుడైనా ఎక్కడైనా దూకుతుంది. ఈ పద్ధతి దానికి తేదీ వేస్తుంది. అంటే దాన్ని గతంలోకి పంపుతుంది. ఇది విన్నప్పుడు నాకు మన ఆడవాళ్ళు శోకం పెట్టేటప్పుడు పోయినవారి జీవితాన్ని పుట్టినప్పటి నుంచి వరసగా తలుచుకుంటూ ఏడ్వడం గుర్తొస్తుంది. రెండూ ఒకటి కావు, కానీ దూరపు చుట్టాలు.

సునామీ తర్వాత శ్రీలంకలో ఇదే పద్ధతిని 31 మంది పిల్లల మీద ధ్యానం, విశ్రాంతి అభ్యాసాలతో పోల్చి చూశారు. ఒక్కొక్కరికి ఆరు సిట్టింగులు. ఆరు నెలల తర్వాత కథన పద్ధతిలో 81 శాతం, ధ్యానంలో 71 శాతం కోలుకున్నారు. 2009లో వెలువడిన ఈ ఫలితం రెండు పక్షాలవారికీ చురక. పాశ్చాత్య పద్ధతే గతి అన్నవారికీ, మన ధ్యానం ఉండగా వాళ్ళదెందుకు అన్నవారికీ.

మందుల మాట. సెర్ట్రలిన్, పరాక్సెటిన్ వంటివి కొందరికి తోడ్పడతాయి. మొదటి నెలలో భయానికి బెంజోడయజెపైన్ రకం నిద్రమాత్రలు ఇవ్వవద్దని అదే 2013 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన మందుల షాపుల్లో మొదట దొరికేవి మాత్రం అవే.

చెప్పించడమే వైద్యమా

తెలుగు సినిమాలో తలకు దెబ్బ తగిలి గతం మరిచినవాడికి రెండో దెబ్బతో అంతా గుర్తొచ్చేస్తుంది. ఆఘాతం మీద జనంలో ఉన్న అభిప్రాయం దానికి కాస్త చదువుకున్న రూపం: లోపల ఉన్నదంతా ఒక్కసారి కక్కిస్తే తేలికవుతుంది. విపత్తు జరిగిన రెండుమూడు రోజుల్లో అందరినీ కూర్చోబెట్టి ఒక్క సిట్టింగులో అంతా చెప్పించే పద్ధతి 1980ల నుంచి ప్రపంచమంతా వ్యాపించింది. 2002లో కాక్రేన్ సంస్థ సమీక్ష దాన్ని తూకం వేసి చూసింది. పి.టి.ఎస్.డి.ని అది ఆపలేదు. కొందరికి చేటు చేసి ఉండొచ్చు కూడా. దాని స్థానంలో వచ్చింది మానసిక ప్రథమ చికిత్స, దానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఇతర సంస్థలు కలిసి 2011లో చేతిపుస్తకం తెచ్చాయి. అందులో సారం మూడు పనులు: చుట్టూ చూడు, విను, అవసరమైన చోటికి చేర్చు. బలవంతంగా చెప్పించకు. ముందు నీళ్ళివ్వు, తప్పిపోయిన బిడ్డ ఆచూకీ కనుక్కో, పుకార్లు ఆపు. చెప్పే సమయం వస్తే వాళ్ళే చెబుతారు.

శవం దొరకని చావు

నికోబార్‌లో పోయినవారిలో చాలామంది ఆచూకీ లేకుండా పోయారు. అమెరికన్ థెరపిస్టు పాలీన్ బాస్ ఇలాంటి కొలిక్కి రాని దుఃఖాన్ని విడిగా గుర్తించి పేరు పెట్టింది. చనిపోయారని ఏడిస్తే ద్రోహం చేసినట్టు ఉంటుంది, వస్తారని ఎదురుచూస్తే పిచ్చి అంటారు. మామూలు థెరపీ పద్ధతులు ఇక్కడ తడబడతాయి, ఎందుకంటే అంగీకరించమని అడగడానికి ఆధారమే లేదు.

మన ఆచారంలో దీనికొక దారి ఉంది. శవం దొరకనప్పుడు దర్భలతోనో ఆకులతోనో మనిషి బొమ్మ చేసి, దానికి దహనం జరిపి, కర్మ చేస్తారు. శాస్త్రకారులు దీన్ని రాసినప్పుడు మనసును గురించి ఆలోచించారో లేదో గానీ, ఇది చేసే పని మాత్రం మనసు మీదే: లేనిదానికి ఒక రూపమిచ్చి, వీడ్కోలు చెప్పడానికి వీలిస్తుంది. శిక్షణ ఉన్న కౌన్సెలరు ఆ కర్మ ఎప్పుడు చేయాలనుకుంటున్నారని అడుగుతాడే తప్ప, మూఢనమ్మకమని కొట్టిపారేయడు, తొందరపెట్టడు. గంగమ్మకు మొక్కు, పిల్లవాడికి తాయెత్తు విషయంలోనూ అంతే. తాయెత్తు కట్టి పంపితే నష్టం లేదు. తాయెత్తుతో సరిపెట్టి, మూడు నెలలుగా నిద్రపోని పిల్లవాణ్ణి ఆసుపత్రికి తీసుకురాకపోతేనే నష్టం.

విపత్తు కాని గాయాలు

సునామీ గురించి ఇంత మాట్లాడాక ఒక సంగతి చెప్పకపోతే వ్యాసం తప్పుదారి పట్టిస్తుంది. థెరపిస్టు గదిలోకి వచ్చే ఆఘాతాల్లో ఎక్కువ భాగం ప్రకృతి చేసినవి కావు. భర్త, బంధువు, పై అధికారి, రోడ్డు ప్రమాదం చేసినవి. విపత్తు బాధితుడికి ఊరంతా తోడు, ప్రభుత్వం చెక్కు. ఇంట్లో జరిగిన హింసకు తోడుగా నిలవాల్సినవాళ్ళే నోరు మూయిస్తారు. మనిషి చేసిన గాయం ప్రకృతి చేసినదానికన్నా లోతుగా దిగడానికి ఇదొక కారణం. హైదరాబాదులో 2016లో మొదలైన భరోసా కేంద్రం ఈ దిశలో తెలుగునేల మీద పడ్డ మంచి అడుగు. ఫిర్యాదు, వైద్యపరీక్ష, న్యాయసాయం, కౌన్సెలింగు ఒకే కప్పు కింద పెట్టడం వల్ల బాధితురాలు తన కథను నాలుగు ఆఫీసుల్లో నాలుగుసార్లు చెప్పాల్సిన పని తప్పుతుంది. థెరపీలో మళ్ళీ చెప్పడం మందు. పోలీస్ స్టేషన్లో మళ్ళీ చెప్పించడం పుండు మీద కారం.

డిగ్నాబాద్ నుంచి దారి

ఇక్కడివారికి దగ్గరి పెద్ద దిక్కు సెల్యులార్ జైలుకు సమీపంలో అట్లాంటా పాయింట్ వద్ద ఉన్న గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి. 2015లో మొదలైన దీవుల వైద్య కళాశాలకు అదే బోధనాసుపత్రి. మనుషుల్ని పిచ్చెక్కించడానికి కట్టిన గోడలూ, మనసుకు వైద్యం దొరికే చోటూ ఒకే కొండ మీద ఉన్నాయి. దూరపు దీవులవారికి అక్కడికి చేరడమే పెద్ద పని: ఓడ టికెట్టు, వాతావరణం, రోజుల ప్రయాణం. వారంవారం పన్నెండు సిట్టింగులు కావాల్సిన వైద్యం ఇలాంటి భూగోళంలో ఎలా ఇమడాలన్నది తెగని సమస్య.

రెండో సమస్య భాష. దీవుల్లో బజారు భాష హిందీ. తెలుగువాడు ఆఫీసులో, రేవులో, ఆసుపత్రిలో హిందీలో నెట్టుకొస్తాడు. నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ళుగా అంటే హిందీలో చెప్పగలడు. అమ్మ చివరిసారి ఏమని పిలిచిందో హిందీలో చెప్పలేడు. ఆ పిలుపు తెలుగులో, అదీ సిక్కోలు యాసలో, అతని చెవిలో ఉంది. కథను తేదీలతో, మాటలతో, వాసనలతో చెప్పించే పద్ధతులన్నీ ఆ భాష తెలిసిన మనిషి ఎదుట ఉంటేనే సాగుతాయి. అనువాదకుడిగా ఇంటివారిని కూర్చోబెడితే అసలు విషయం గడప దాటదు.

2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ ఈ రెండు సమస్యలకూ పాక్షికంగా జవాబు. 14416 నంబరుకు ఏ వేళ చేసినా ఖర్చు లేదు. భాషల్లో తెలుగూ ఉంది. ఫోన్లో పూర్తి ఆఘాత చికిత్స జరగదు. ఇది జబ్బా, మానే గాయమేనా, ఎవరిని కలవాలి అన్నంత వరకు తేలుతుంది. రెండు గదుల ఇంట్లో అత్తగారు వింటుండగా కోడలు ఆ ఫోన్ ఎక్కడ కూర్చుని చేయాలన్నది మాత్రం ఏ పథకంలోనూ రాసిలేదు. చాలామంది సాయంత్రం నీళ్ళ ఒడ్డుకు వెళ్ళి చేసుకుంటారేమో.